ప్రోగ్రామింగ్ నేర్చుకునే మనసు – 4వ పాఠం: గ ఎందుకు మారలేదు?

పోయిన పాఠంలో ఇచ్చిన మూడు లైన్ల దగ్గరే చాలామంది ఆగిపోయారు. అందుకే ఈసారి లూపుల (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లైన్ల) జోలికి పోవడం లేదు. ముందు ఇది తేలాలి.

క = 10
గ = క
క = 20

చివరికి గ ఎంత? ఎక్కువమంది 20 అన్నారు. జవాబు 10.

20 అన్నవాళ్లు అజాగ్రత్తగా చదివారని నేను అనుకోను. బడిలో ఏళ్ల తరబడి నేర్చుకున్న గణితాన్ని నమ్మారు, అంతే. గణితంలో సమానం గుర్తు పెడితే రెండు వైపులా ఎప్పటికీ సమానమే. ఇక్కడ అదే గుర్తు ఒక పనిని చెబుతుంది: కుడివైపు విలువ ఇప్పుడు ఎంతుందో చూడు, దాన్ని ఎడమవైపు పేరుకు ఇవ్వు. ఆ లైను దాటాక గకు కతో ఏ సంబంధమూ ఉండదు. క = క + 1 చూసి కంగారుపడ్డవాళ్లు కూడా ఇలా చదివి చూడండి. సమీకరణంగా అది అసాధ్యం, పనిగా చాలా మామూలు.

క, గ లాంటి పేర్లను వేరియబుల్స్ అంటారు. వేరియబుల్ అంటే డబ్బా అని చెప్పే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. డబ్బాలో ఒకటి ఉండగానే ఇంకొకటి వేయొచ్చు. వేరియబుల్‌కి కొత్త విలువ ఇస్తే పాతది పోతుంది. డబ్బాలోంచి తీసి వేరేదాంట్లో పెడితే మొదటిది ఖాళీ అవుతుంది. గ = క తర్వాత క చెక్కుచెదరదు. ‘ఒక పేరుకి రెండు విలువలు ఉంటాయి కదా’ అని అడిగినవాళ్ల మనసులో ఉన్నది ఈ డబ్బానే.

ఇంకో చిక్కు పేర్లతో వస్తుంది. పెద్దది = 3, చిన్నది = 9 అని రాస్తే కంప్యూటర్ మారు మాట్లాడకుండా ఒప్పుకుంటుంది. పేరులోని అర్థం దానికి పట్టదు. మన ఉద్దేశాన్ని గ్రహించే మనసేదో యంత్రంలో దాగి ఉందన్న ఈ భ్రమను 1986లో రాయ్ పీ అనే విద్యా పరిశోధకుడు ‘సూపర్‌బగ్’ (పెద్ద తప్పు) అన్నాడు. కొత్తవాళ్ల రకరకాల తప్పులకు ఇదే మూలమని ఆయన వాదన. అందుకే అభ్యాసంలో నేను ఒంటి అక్షరాల పేర్లే ఇస్తాను.

2004లో కంప్యూటింగ్ బోధనపై పరిశోధించే రేమండ్ లిస్టర్ బృందం ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న పలు దేశాల విద్యార్థులను పరీక్షించింది. చాలామంది కోడ్ రాయడం దాకా వెళ్లకముందే, ఉన్న చిన్న కోడ్‌ను చదివి ఫలితం చెప్పడంలోనే తడబడ్డారు. లైను చదవడం, విలువలన్నీ గుర్తుంచుకోవడం, తర్వాతేమిటో ఊహించడం, ఇవన్నీ ఒకేసారి బుర్రలో పట్టవు. విలువలను కాగితం మీదకి దింపితే బుర్రకు మిగతా పనికి చోటు దొరుకుతుంది. ఒక్కో పేరుకి ఒక నిలువు గడి, ఒక్కో లైనుకి ఒక అడ్డ వరుస. పాతదాన్ని చెరపకండి, కొట్టేసి పక్కన కొత్తది రాయండి. ఎక్కడ దారి తప్పారో తర్వాత ఆ కొట్టివేతలే చూపిస్తాయి.

అభ్యాసం. ముందు కాగితం మీద, ఆ తర్వాతే కంప్యూటర్‌లో. పైథాన్ 3 అనే ప్రోగ్రామింగ్ భాష తెలుగు పేర్లను తీసుకుంటుంది కాబట్టి ఉన్నదున్నట్టు టైపు చేయొచ్చు.

అ = 7
ఇ = 4
అ = అ + ఇ
ఇ = అ - ఇ
అ = అ - ఇ

చివరికి ఏం జరిగిందో ఒక్క వాక్యంలో రాయండి. ఏ లైను ఏం చేసిందో వద్దు, మొత్తం కలిసి ఏం సాధించిందో కావాలి. తర్వాత ఉ అనే మూడో పేరునూ చేర్చి, అ విలువ ఇకి, ఇ విలువ ఉకి, ఉ విలువ అకి చేరేలా మీరే రాయండి. ఈ మూడూ కాక అదనంగా ఒక్క పేరే వాడాలి, కూడికలు తీసివేతలు వద్దు. కామాలు పెట్టి ఒకే లైనులో మార్చే ఉపాయం తెలిసినవాళ్లు కూడా ఈసారికి దాన్ని పక్కన పెట్టండి.