ఒపెరా పేరడీ రాద్దాం – 3వ పాఠం: "వెళ్తున్నాం" అంటూ వెళ్లని కోరస్

పోయిన పాఠంలో ట్యూన్ జోలికి పోవద్దనుకున్నాం కదా, అంటే సంగీతాన్ని వెటకారంగా పాడించకుండా అసలు ఒపెరాలో (పాటలతో నడిచే నాటకంలో) ఎంత గంభీరంగా ఉంటుందో అంతే గంభీరంగా ఉంచాలని. మరి నవ్వు ఎక్కడ పుట్టాలి? ఒపెరాలో అందరూ చూసీచూడనట్టు వదిలేసే ఆనవాయితీ ఒకటి పట్టుకోండి, దాన్ని నిలదీసే పాత్రని స్టేజీ ఎక్కించండి.

దీనికి ఇంగ్లండుకి చెందిన గిల్బర్ట్, సలివన్ 1879లో తెచ్చిన హాస్య ఒపెరా 'ది పైరేట్స్ ఆఫ్ పెంజాన్స్'ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. మాటలు గిల్బర్ట్‌వి, సంగీతం సలివన్‌ది. రెండో అంకంలో పోలీసులు సముద్రపు దొంగల మీదికి బయల్దేరాలి. ఒపెరాల్లో కోరస్ (గుంపుగా పాడే బృందం) ఇలాంటి చోట "పదండి, పదండి" అని పాడుతూ ఉన్నచోటే నిలబడిపోతుంది, ఎవరూ ఏమీ అనరు. ఈ పోలీసులూ "వెళ్తున్నాం, వెళ్తున్నాం" అని జోరుగా పాడుతుంటారు గానీ ఆ దొంగలు గురిపెట్టిన ఇంటి యజమాని మేజర్ జనరల్ ఊరుకోడు, "అంటున్నారే గానీ వెళ్లట్లేదుగా!" అంటాడు, అదీ పాటలోనే, తాళం తప్పకుండా. ఆ ఒక్క ముక్కతో ఒపెరా కోరస్‌ల గుట్టంతా బయటపడిపోతుంది.

అదే అంకంలో దొంగలు రాత్రిపూట జనరల్ ఇంటి మీదికి వస్తూ, పిల్లిలా చప్పుడు లేకుండా అడుగేస్తున్నామని గొంతెత్తి పాడతారు, నేల అదిరేలా కాళ్లు తాటిస్తూ. ఇటలీ సంగీతకర్త వెర్డి ఒపెరా 'రిగొలెట్టో' (1851)లో డ్యూక్ ఆస్థానం వాళ్లు అమ్మాయిని ఎత్తుకుపోవడానికొచ్చి "ష్, ష్" అంటూ పాడే కోరస్ విన్నవాళ్లకి ఇది రెట్టింపు నవ్వు, విననివాళ్లకీ నవ్వొస్తుంది. విననివాళ్లనీ నవ్వించే ఈ రెండో గుణం మీ పేరడీకి ఉండి తీరాలి. ఈ దొంగల పాటకి సలివన్ కట్టిన ట్యూన్ ఎంత బలంగా ఉందంటే, తర్వాత అమెరికాలో దానికి వేరే మాటలు కట్టుకుని జనం గుంపులుగా పాడుకున్నారు!

ఇక అభ్యాసం. కత్తిపోటు తగిలిన హీరో ప్రాణం పోయేలోపు నింపాదిగా పాడుతుంటాడు, పక్కన డాక్టర్ ఉన్నాడు. ఇద్దరికీ ఒకే ట్యూన్‌లో ఎనిమిది పాదాలు రాయండి. డాక్టర్ జోకులు వెయ్యకూడదు, అతనికి నిజంగానే టెన్షన్, కట్టు కట్టనిమ్మని బతిమాలాలి. రాశాక పైకి పాడి చూడండి, ఎక్కడైనా ఇరుకైతే మాట మార్చండి, ట్యూన్ ముట్టుకోవద్దు. వచ్చే పాఠంలో ఇదే జనరల్ గుక్క తిప్పుకోకుండా పాడే పాట పని పడదాం.