క్యూబ్ తిరగట్లేదా? లినక్స్‌లో ఏ మాడ్యూల్ లేదో ఇలా పట్టుకోండి

శ్రావణమాసంలో ఓ రాత్రి మలికిపురం నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, విండోలన్నిటికీ తలకాయలు ఎగిరిపోయాయండి, మూద్దామంటే ఇంటూ గుర్తే లేదు" అన్నాడు. విషయం ఏంటంటే, లినక్స్ అప్‌డేట్ పెట్టి భోజనానికి లేచాడు, ఈలోగా గాలివాన మొదలై కరెంటు పోయింది, వాడికి ఇన్వర్టర్ ఫ్యానూ లైటు వరకే. కరెంటొచ్చాక ఆన్ చేస్తే విండోల మీద పట్టీలు లేవు, కాంపిజ్ (విండోల్ని నడిపించి ఎఫెక్ట్‌లు చూపించే ప్రోగ్రాం) క్యూబ్, అంటే డెస్క్‌టాప్‌లన్నీ ఒక డబ్బా ముఖాల్లా తిరిగే ఎఫెక్ట్, తిరగట్లేదు, ఎఫెక్ట్‌ల సెట్టింగ్స్ తెరిచే సీసీఎస్ఎం నొక్కితే ఒక్క క్షణం కర్సర్ తిరిగి ఆగిపోతోంది. పక్కింటి కుర్రాడు అప్పటికే "ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడట. వద్దురా ఆగు అన్నాను. ఫోన్ మీదే గంటన్నరలో అన్నీ సరైపోయాయి. ఆ రాత్రి చేసిందే, ఇంకొంచెం వివరంగా, ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. లినక్స్‌లో "మాడ్యూల్ లేదు" అని వచ్చే మెసేజ్ మూడు రకాలు, మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. గ్రాఫిక్స్ కార్డును నడిపించే కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) మాడ్యూల్, అంటే డ్రైవర్, ఒకటి. క్యూబ్, వాబ్లీ (లాగితే విండోలు జెల్లీలా ఊగడం) లాంటి ఒక్కో ఎఫెక్ట్‌కీ కాంపిజ్ వాడుకునే ప్లగిన్ ఫైల్ రెండోది. సీసీఎస్ఎం నడవడానికి కావాల్సిన పైథాన్ మాడ్యూల్ మూడోది. మూడోది పోతే డ్రైవర్ మార్చి ప్రయోజనం లేదు, మొదటిది పోతే ప్లగిన్లు ఎన్ని దింపినా క్యూబ్ తిరగదు. మా వైపు శివారు చేలకి నీళ్లందకపోతే బోదె గట్టు మీద నడుచుకుంటూ వెళ్లి ఏ తూము దగ్గర ఆగిందో చూస్తారు, ఇక్కడా అదే పద్ధతి. నేను పైనుంచి కిందికి వస్తాను, ఎందుకంటే తలకాలవలోనే నీళ్లు లేకపోతే బోదె పూడిక తీసి లాభం లేదు.

ఇది ఉబుంటు, మింట్, డెబియన్ వాడేవాళ్లకి, ముఖ్యంగా మేట్ డెస్క్‌టాప్ మీద కాంపిజ్ పెట్టుకున్నవాళ్లకి. కమాండ్లు పలికినట్టే తెలుగులో రాశాను, మీరు ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి, పెద్దక్షరం కావాల్సిన చోట చెబుతాను.

విండోల పట్టీలు పోయినవాళ్లు ముందు పని చేసుకోగలిగే స్థితికి రావాలి. కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే టెర్మినల్ వస్తుంది, అందులో

మార్కో --రీప్లేస్

అని కొట్టండి. మార్కో అంటే మేట్‌కి సొంతంగా ఉన్న సాదా విండో మేనేజర్, దాంతో పట్టీలు తిరిగొస్తాయి. ఆ టెర్మినల్ మాత్రం మూయకండి, మూస్తే మార్కో కూడా పోతుంది, మిగతా కమాండ్లకి ఇంకో టెర్మినల్ తెరవండి. ఒక్కోసారి టెర్మినల్ వస్తుంది గానీ టైప్ చేస్తే అక్షరాలు పడవు. అప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి నల్ల స్క్రీన్‌లో లాగిన్ అయి, పెద్దక్షరాల్లో డిస్‌ప్లే అని రాసి, సమానం గుర్తు, కోలన్, సున్నా పెట్టి, ఒక ఖాళీ వదిలి పై కమాండే కొట్టండి. తర్వాత కంట్రోల్, ఆల్ట్‌తో ఎఫ్7 గానీ ఎఫ్1 గానీ నొక్కితే డెస్క్‌టాప్‌కి వచ్చేస్తారు.

ఇప్పుడు సగంలో ఆగిన అప్‌డేట్ సంగతి. మన దగ్గర వానాకాలంలో ఇదే అన్నిటికన్నా పెద్ద కారణమని నా అనుభవం, కాబట్టి మీకు గుర్తు లేకపోయినా ఈ రెండూ ఒకసారి కొట్టండి:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ
సుడో ఏపీటీ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

మొదటిది, విప్పేసి అమర్చకుండా వదిలేసిన ప్యాకేజీలను అమరుస్తుంది. రెండోది, ఒకదానికొకటి కావాల్సినవి లేకపోతే తెచ్చి పెడుతుంది. అయ్యాక ఇది చూడండి:

డీపీకేజీ -ఎల్ | గ్రెప్ కాంపిజ్

ఈ ఎల్ చిన్నదే. వరసల మొదట్లో ఉండే రెండక్షరాల్లోనే జబ్బంతా తెలిసిపోతుంది. చిన్న ఐ రెండుసార్లు ఉంటే ఆ ప్యాకేజీ బాగుంది. ఐ పక్కన పెద్ద యూ ఉంటే విప్పారు గానీ అమర్చలేదని, పెద్ద ఎఫ్ ఉంటే అమర్చబోయి మధ్యలో చెడిందని, ఆర్, సీ కలిసి ఉంటే ప్యాకేజీ ఎప్పుడో పోయింది, సెట్టింగ్ ఫైళ్లే మిగిలాయని అర్థం. మా తమ్ముడి దగ్గర కాంపిజ్-గ్నోమ్ పక్కన ఐ, పెద్ద యూ కనబడ్డాయి. వెర్షన్ నంబరు కూడా అన్నిటికీ ఒకటే ఉందా చూడండి. కాంపిజ్-కోర్ ఒక వెర్షన్, కాంపిజ్-ప్లగిన్స్ ఇంకో వెర్షన్ అయితే ప్లగిన్ ఫైల్ ఎదురుగా ఉన్నా కాంపిజ్ తీసుకోకపోవచ్చు. ఎక్కడో పాత పేజీ చూసి 0.8 కాలం నాటి ప్లగిన్లు తెచ్చిపెట్టినా అంతే, 0.9కి వచ్చేసరికి మొత్తం సీ++‌లో మళ్లీ రాశారు, పాతవి 0.9లో నడవవు.

ఇంకో చిన్న తనిఖీ. ఎకో అని కొట్టి, ఖాళీ వదిలి, డాలర్ గుర్తు పెట్టి, ఎక్స్‌డీజీ_సెషన్_టైప్ అని పెద్దక్షరాల్లో కొట్టండి. స్క్రీన్ మీద బొమ్మ చూపించే పద్ధతులు రెండు, పాతది ఎక్స్11, కొత్తది వేలాండ్. వేలాండ్ అని వస్తే ఇక్కడితో ఆపేయండి, కాంపిజ్ ఎక్స్11 మీదే నడుస్తుంది, ఏ మాడ్యూల్ వేసినా వేలాండ్‌లో రాదు. లాగిన్ స్క్రీన్‌లో ఎక్స్11 సెషన్ ఎంచుకోండి. గ్నోమ్ వాడేవాళ్లకి డెస్క్‌టాప్ క్యూబ్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది, కేడీఈ వాళ్లకి 2024లో వచ్చిన ప్లాస్మా 6తో క్యూబ్ మళ్లీ వచ్చింది.

తర్వాత గ్రాఫిక్స్. మీసా-యుటిల్స్ ప్యాకేజీ వేసుకుని

జీఎల్ఎక్స్‌ఇన్ఫో -బీ

కొట్టండి, ఈ బీ పెద్దది. వచ్చినదాంట్లో ఓపెన్‌జీఎల్ రెండరర్ అన్న వరస చూడండి. మీ కార్డు పేరుంటే కింది పేరా వదిలేయొచ్చు. ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఉంటే మాత్రం కార్డు పనిచేయట్లేదు, బొమ్మ గీసే పనంతా ప్రాసెసర్ మీద పడుతోంది, అందుకే క్యూబ్ ఆగి ఆగి తిరుగుతుంది, లేదా అసలు తిరగదు.

అప్పుడు ఎల్ఎస్‌పీసీఐ -కే కొట్టి వీజీఏ అన్న భాగం దగ్గర "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" వరస వెతకండి. ఇంటెల్ అయితే సాధారణంగా ఐ915, ఏఎండీ అయితే ఏఎండీజీపీయూ లేదా రేడియాన్, ఎన్విడియా అయితే నూవో లేదా ఎన్విడియా అని ఉండాలి. ఆ వరసే లేకపోతే కెర్నల్ మాడ్యూల్ ఎక్కలేదని తేలిపోయింది. ఎన్విడియా వాళ్లకి ఇది కెర్నల్ అప్‌డేట్ తర్వాత తరచూ వస్తుంది. డీకేఎంఎస్ పద్ధతిలో వేసుకున్న డ్రైవర్‌ని కొత్త కెర్నల్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ కట్టాలి, కట్టడానికి హెడర్స్ (ఆ కెర్నల్‌కి సరిపోయే ఫైళ్లు) కావాలి, అవి లేకపోతే కట్టడం ఆగిపోతుంది. డీకేఎంఎస్ స్టేటస్ అని కొట్టి ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ పేరు అందులో ఉందో లేదో చూడండి, ఆ పేరు యూనేమ్ -ఆర్ చెబుతుంది. లేకపోతే ఉబుంటు, మింట్‌లలో లినక్స్-హెడర్స్-జెనరిక్, డెబియన్‌లో లినక్స్-హెడర్స్-ఏఎండీ64 వేసి, సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ కొట్టి రీస్టార్ట్ చేయండి. "కీ వజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అని వస్తే మాడ్యూల్ ఉంది గానీ సెక్యూర్ బూట్ (సంతకం లేని మాడ్యూళ్లని ఆపే కాపలా) ఒప్పుకోవట్లేదు. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ వస్తుంది, అందులో ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలామంది ఆ నీలం స్క్రీన్ చూసి టెన్షన్‌తో ఎంటర్ కొట్టేస్తారు, ఆ కీ నమోదు కాదు, మాడ్యూల్ ఎక్కదు.

డ్రైవర్ బాగుందంటే ఇక కాంపిజ్ ప్లగిన్లు. మెనూలోంచి కాకుండా టెర్మినల్‌లోంచే నడపండి, ఎందుకంటే ఏది లేదో అది పేరు పెట్టి మరీ చెబుతుంది:

కాంపిజ్ --రీప్లేస్ సీసీపీ

"కుడ్ నాట్ లోడ్ ప్లగిన్" లాంటి వరసలో పక్కన కోట్స్ మధ్య ఉన్న పేరే మీకు కావాల్సింది. ఫైల్ పేరు ఎప్పుడూ ముందు లిబ్, మధ్యలో ప్లగిన్ పేరు, చివర .ఎస్ఓ. క్యూబ్ అయితే లిబ్‌క్యూబ్.ఎస్ఓ, విండో పట్టీలది లిబ్‌డెకార్.ఎస్ఓ. ఏ ప్యాకేజీలో ఉందో ఊహించకండి, ఒక్కో విడుదలలో ఒక్కో ప్లగిన్‌ని ఒక్కో ప్యాకేజీలో పెట్టారు. ఏపీటీ-ఫైల్ అనే పనిముట్టు వేసుకుని, ఒకసారి సుడో ఏపీటీ-ఫైల్ అప్‌డేట్ చేసి

ఏపీటీ-ఫైల్ సెర్చ్ లిబ్‌క్యూబ్.ఎస్ఓ

అంటే ప్యాకేజీ పేరు అదే చెబుతుంది. ప్యాకేజీ ఇప్పటికే ఉండి ఫైల్ లేకపోతే సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్, పక్కన ఆ ప్యాకేజీ పేరు. ఫైల్ ఉండి కూడా ఎక్కకపోతే దాని మీద ఎల్‌డీడీ నడిపి "నాట్ ఫౌండ్" అన్న వరస ఉందేమో చూడండి, అది దానికి కావాల్సిన ఇంకో లైబ్రరీ. కాంపిజ్ 0.9 అయితే హోమ్ ఫోల్డర్‌లో దాగున్న .కాంపిజ్-1 లోపల ప్లగిన్స్ ఫోల్డర్ కూడా చూడండి, ఎప్పుడో మీరు వేసుకున్న పాత కాపీ అక్కడుంటే కాంపిజ్ ముందు దాన్నే తీసుకుంటుంది.

పట్టీల విషయంలో ఒక మెలిక ఉంది. డెకార్ ప్లగిన్ ఒక్కటే పట్టీలు గీయదు, జీటీకే-విండో-డెకరేటర్ అనే వేరే ప్రోగ్రాం కూడా నడవాలి, ఉబుంటులో అది కాంపిజ్-గ్నోమ్‌లో వస్తుంది. ఇంకో టెర్మినల్‌లో దాని పేరు పక్కన --రీప్లేస్ పెట్టి కొట్టి చూడండి. మా తమ్ముడికి, ఆ ప్యాకేజీ అమరిన తర్వాత, ఇది కొట్టగానే పట్టీలన్నీ ఒకేసారి వచ్చేశాయి, "ఆయ్, వచ్చేశాయండి!" అని వాడు అరిచిన అరుపు నాకింకా గుర్తుంది.

చివరిది పైథాన్. ఇక్కడే జనం ఎక్కువ తప్పటడుగులు వేస్తారు కాబట్టి నిదానంగా చదవండి. టెర్మినల్‌లో సీసీఎస్ఎం అని కొట్టి అన్నిటికన్నా కింది వరస చూడండి. "నో మాడ్యూల్ నేమ్డ్ కాంపిజ్‌కాన్ఫిగ్" అంటే పైథాన్3-కాంపిజ్‌కాన్ఫిగ్ ప్యాకేజీ కావాలి. జీఐ అంటే పైథాన్3-జీఐ, కైరో అంటే పైథాన్3-కైరో, సీసీఎం అంటే కాంపిజ్‌కాన్ఫిగ్-సెట్టింగ్స్-మేనేజర్‌నే మళ్లీ వేయాలి. పైథాన్ మాడ్యూళ్లు దింపే పిప్‌తో మాత్రం వద్దు. ఈ కాంపిజ్‌కాన్ఫిగ్ అనేది మీ సిస్టమ్‌లోని సీ లైబ్రరీకి కట్టిన ముడి, రెండూ ఒకే చోటి నుంచి రావాలి. డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి పిప్ కూడా సిస్టమ్ పైథాన్‌లో వేయనని మొరాయిస్తుంది, అడ్డంగా బలవంతపెట్టే ఆప్షన్ ఉంది గానీ దాని జోలికి పోకండి.

ప్యాకేజీ ఉంది, అయినా లేదంటోంది అనుకోండి. మా వాడి దగ్గర సరిగ్గా ఇదే. కాలేజీ ప్రాజెక్టు కోసం అంతకు రెండు నెలల ముందు వేరే పైథాన్ వేసి, పైథాన్3 అంటే అదే రావాలని సిస్టమ్ లింకునే మార్చేశాడు. ఆ తర్వాత సీసీఎస్ఎం తెరవలేదు, ఆ రాత్రి దాకా బయటపడలేదు. కాంపిజ్‌కాన్ఫిగ్ ఫైల్ పేరులోనే అది ఏ పైథాన్ వెర్షన్‌కి కట్టిందో రాసి ఉంటుంది. 310 అని ఉన్నదాన్ని 3.12 కళ్లెత్తి చూడదు, లేదనే చెబుతుంది. ఇలా చూడండి:

ఎల్ఎస్ -ఎల్ /యూఎస్ఆర్/బిన్/పైథాన్3

బాణం గుర్తు పక్కన ఉబుంటు 22.04లో 3.10, 24.04లో 3.12, డెబియన్ 12లో 3.11 ఉండాలి. తేడా ఉంటే, లేదా ఆల్టర్నేటివ్స్ అనే ఫోల్డర్ చూపిస్తే, సుడో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --రిమూవ్-ఆల్ పైథాన్3 కొట్టి, ఆ వెంటనే

సుడో ఎల్ఎన్ -ఎస్ఎఫ్ పైథాన్3.10 /యూఎస్ఆర్/బిన్/పైథాన్3

అనండి, నంబరు మీ విడుదలది. ముందు కొట్టిన రిమూవ్-ఆల్ కమాండ్‌కి "ఆల్టర్నేటివ్స్ లేవు" లాంటి మెసేజ్ వచ్చినా పర్లేదు. లింకు మారిన సిస్టమ్‌లో ఏపీటీ_పీకేజీ మాడ్యూల్ లేదని కూడా వస్తుంటుంది, దానికీ మందు ఇదే. ప్రాజెక్టులకి వీఈఎన్‌వీ (ఒక్కో ప్రాజెక్టుకీ పైథాన్‌ని విడిగా పెట్టుకునే పద్ధతి) వాడండి, సిస్టమ్ పైథాన్‌ని దాని మానాన వదిలేయండి. కాంపిజ్‌ని సొంతంగా కంపైల్ చేసుకున్నవాళ్లకి ఇంకో కారణం ఉంటుంది: మాడ్యూల్ వెళ్లి /యూఎస్ఆర్/లోకల్ కింద సైట్-ప్యాకేజెస్‌లో కూర్చుంటుంది, డెబియన్ కుటుంబంలో పైథాన్ అక్కడ డిస్ట్-ప్యాకేజెస్‌లో వెతుకుతుంది.

అన్నీ ఉన్నా క్యూబ్ రాకపోతే ఇక మిగిలింది సెట్టింగే. సీసీఎస్ఎంలో డెస్క్‌టాప్ క్యూబ్, రొటేట్ క్యూబ్ రెండూ టిక్ చేయాలి, డెస్క్‌టాప్ వాల్ తీసేయాలి, జనరల్ ఆప్షన్స్‌లో డెస్క్‌టాప్ సైజ్ దగ్గర అడ్డం 4, నిలువు 1 పెట్టాలి. కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని మౌస్ ఎడమ బటన్‌తో లాగితే తిరుగుతుంది.

తిరిగాక ఒక్క పని చేయండి. సీసీఎస్ఎం ప్రిఫరెన్సెస్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి ఆ ప్రొఫైల్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. సెట్టింగ్స్ మళ్లీ చెడినప్పుడు అదే చోట ఇంపోర్ట్ నొక్కితే ఇవాళ్టి క్యూబ్ ఉన్నదున్నట్టు వచ్చేస్తుంది.