ముసురు పట్టకముందే: క్షార లోహాల పూత వేసేవాళ్లు చూసుకోవాల్సినవి

జూన్‌లో విజయవాడలో ఎండ తగ్గినా ఉక్క తగ్గదు. కృష్ణ ఒడ్డు కదా, ముసురు పట్టిందంటే ల్యాబులో కాగితాలు కూడా మెత్తబడిపోతాయి. మా ఎం.ఎస్సీ. పిల్లలు సీజియం, పొటాషియం లాంటి క్షార లోహాల పూత వేసే ప్రాజెక్టులు మొదలుపెట్టేది సరిగ్గా అప్పుడే. అందుకే మే నెలలోనే ఇది రాస్తున్నాను.

టంగ్‌స్టన్ నుంచి ఒక ఎలక్ట్రాన్ బయటపడాలంటే సుమారు 4.5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. దాని మీద సీజియం పలుచగా, ఒక్క పరమాణువు మందం పొర కూడా పూర్తికాకుండా పడితే చాలు, ఆ శక్తి, అంటే వర్క్ ఫంక్షన్, 2 కన్నా కిందికి దిగిపోతుంది. సీజియం తన చివరి ఎలక్ట్రాన్‌ను లోహం వైపు వదిలేసి, తను ధనావేశంతో పైన కూర్చుంటుంది. దాంతో లోపలి ఎలక్ట్రాన్లకు గడప ఎత్తు తగ్గుతుంది. 1920ల్లో లాంగ్‌మ్యూర్, కింగ్డన్ అనే శాస్త్రవేత్తలు వేడి టంగ్‌స్టన్ తీగల మీద చూసింది ఈ ప్రభావాన్నే. ఎలక్ట్రాన్‌ను అంత తేలిగ్గా వదిలేసే ఆ గుణం వల్లే, నీళ్లు తగిలితే సీజియం భగ్గుమంటుంది. మీకు ఫలితం ఇచ్చేదీ ప్రమాదం తెచ్చేదీ ఒకటే.

సీజియం 28.4 డిగ్రీలకే కరుగుతుంది. ఏసీ లేని గదిలో ఆంప్యూల్ (సీలు వేసిన చిన్న గాజు గొట్టం) వంచితే బంగారు రంగు బొట్టు గాజు లోపల జారుతుంది. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కానీ పగిలితే ఆగదు, పారుతుంది. ఆర్గాన్ వాయువు నింపిన గ్లోవ్‌బాక్సులో (బయటి నుంచి గ్లోవ్స్‌తో పనిచేసే మూసిన పెట్టెలో) తప్ప దాన్ని తెరవకండి.

పొటాషియం సీసా పాతదైతే ముందు రంగు చూడండి. ముక్క మీద పసుపో నారింజో పెచ్చు కడితే అది సూపర్ ఆక్సైడ్. దాన్ని కోసినా గీకినా పేలొచ్చు. ఒకసారి కత్తి పెట్టబోయిన కుర్రాడి చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ సీసా తీసి పక్కన పెట్టి, పెద్దవాళ్లకు చెప్పండి. అంతే.

మంట వస్తే నీళ్లు వద్దు, కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ వద్దు. పొడి ఇసుక కావాలి. వరండాలో వేలాడే ఎర్ర బకెట్లలో ఇసుక ముసురు కాలంలో తడిగా ఉంటుంది, చెయ్యి పెట్టి చూడండి. ఇప్పుడే మేడ మీద ఎండలో బాగా ఆరబోసి, మూత గట్టిగా పడే డబ్బాలో పోసి బల్ల పక్కన పెట్టుకోండి.

పూత వేసేటప్పుడు ఫోటోకరెంట్ (వెలుగు పడితే బయటికొచ్చే ఎలక్ట్రాన్ల కరెంటు) మీటర్ మీద నుంచి కళ్లు తీయకండి. అది పెరిగి, ఒకచోట నిలిచి, తగ్గడం మొదలుపెడుతుంది. నిలిచినచోటే ఆపేయాలి. ఇంకా వేస్తే పొర మందమై, వర్క్ ఫంక్షన్ మళ్లీ సీజియం సొంత విలువ 2.1 వైపు పెరుగుతుంది. పూత వేసే వాక్యూమ్ చాంబర్‌లో కాస్త తేమ మిగిలినా పూత పాడవుతుంది. అందుకే ముసురు కాలంలో చాంబర్ వేడిచేసి గోడలకు పట్టిన గ్యాసు వదిలించడానికి అదనంగా ఒక రోజు పెట్టుకోండి, టెన్షన్ పడి తొందరపడొద్దు.

గాలివానకు కరెంటు పోతుంది, తిరిగి వస్తుంది. వచ్చినప్పుడు సీజియం హీటర్ దానంతటదే ఆన్ కాకూడదు. పంపు వాల్వు మాత్రం కరెంటు పోగానే మూసుకోవాలి. ఈ రెండూ ప్లగ్ పీకి పరీక్షించండి, సీజియం ఎక్కించకముందే.

పని అయ్యాక చాంబర్‌లోకి ముందు పొడి నైట్రోజన్ వదలండి, గాలిని తర్వాత మెల్లగా రానివ్వండి. గోడల మీద మిగిలే తెల్లటి పొడి చర్మాన్ని కాల్చే క్షారం. తుడిచేదాకా కళ్లద్దాలు, గ్లోవ్స్ తీయొద్దు.