కొండెక్కి దిగినవాళ్లకు ఆ మాత్ర రాసేముందు

బ్రహ్మోత్సవాలు దగ్గరపడ్డాయి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కివచ్చినవాళ్లు రేపట్నుంచి మన తిరుపతి క్లినిక్కుల ముందు కుంటుకుంటూ నిలబడతారు. "పిక్కలు పట్టుకున్నాయి సార్, గట్టి మాత్ర ఏదైనా ఈండి" అంటారు. పాపం నొప్పి నిజమే, కానీ మెట్లెక్కిన నొప్పి రెండో రోజో మూడో రోజో బాగా ఎక్కువై ఆ తర్వాత దానంతటదే తగ్గిపోతుంది. దానికి మజిల్ రిలాక్సెంట్, అంటే కండరాల బిగుతు వదిలించే మాత్ర, అక్కర్లేదు, వేడినీళ్ల కాపడం, పారాసిటమాల్ చాలు. మెడో నడుమో పట్టేసి పక్కకు కూడా తిరగలేనివాళ్లకైతే రాయండి, అదీ రెండు మూడు రోజులకే.

పోయినేడు నేను చేసిన తప్పు చెప్తాను. డెబ్భై దాటిన పెద్దాయన, నడుం పట్టేసింది, టిజానిడిన్ అనే మజిల్ రిలాక్సెంట్ రాశాను. బీపీ మాత్ర వేసుకుంటున్నాడా అని అడగనేలేదు. రాత్రి సత్రంలో ఒంటేలుకని లేచాడు, కళ్లు తిరిగి గడప మీద పడ్డాడు. నుదుటికి కుట్లు వేస్తుంటే "పర్లేదులే నాయనా" అని నన్నే ఓదార్చాడు. ఈ మాత్ర బీపీని దించుతుంది, మత్తు తెస్తుంది. 65 దాటినవాళ్లకు ఇప్పుడు దాదాపు రాయడం మానేశాను.

ఇంకొకటి మన ఊళ్లో మరీ ముఖ్యం. బయట తిండి పడక విరేచనాలై సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వేసుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. దానితో టిజానిడిన్ అసలు కలవకూడదు, ఒంట్లో టిజానిడిన్ మోతాదు ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. అడగండి, స్ట్రిప్ చూపించమనండి.

థయోకోల్చికోసైడ్ అనే ఇంకో మజిల్ రిలాక్సెంట్ గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, 16 ఏళ్లలోపు పిల్లలకు వద్దు. కొత్తగా పెళ్లయి దర్శనానికి వచ్చిన అమ్మాయిని "నెల తప్పిందామ్మా?" అని అడగడానికి మొహమాటపడకండి. పెద్దవాళ్లకైనా 8 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు దాటకూడదు. క్లోర్‌జోక్సజోన్ అనే మజిల్ రిలాక్సెంట్ మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిపే ఉంటుంది, పైన ఇంకో పారాసిటమాల్ వేసుకుంటే లివర్ మీద భారం. మద్యం తాగేవాళ్లకు ఇవేవీ వద్దు.

మాత్ర వేసుకున్నవాళ్లు ఆ రోజు ఘాట్ రోడ్డులో బండి నడపకూడదని నోటితో చెప్పండి, చీటీ మీద రాస్తే ఎవరూ చదవరు.

కాలు చచ్చుపడినట్టున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, ఒంటేలు ఆగిపోయినా, లేక నల్లటి కాఫీ రంగులో వచ్చినా మాత్రలిచ్చి పంపకండి. వెంటనే పెద్దాసుపత్రికి, అంటే రుయాకో స్విమ్స్‌కో పంపండి, రాత్రి పన్నెండైనా సరే.