ఛారిటీ కోసం ఫైబర్ ఏనుగుకి రంగులేస్తున్నారా? బ్రష్ పట్టేముందు ఇది చదవండి

ఒకే అచ్చులో పోసిన ఏనుగు, ఆవు, ఎలుగుబంటి లాంటి ఫైబర్‌గ్లాస్ బొమ్మలు పదుల కొద్దీ తెచ్చి ఒక్కో ఆర్టిస్టుకి ఒక్కోటి ఇస్తారు. ఎవరికి తోచినట్టు వాళ్లు రంగులేస్తారు, కొన్ని వారాలు వీధుల్లో, పార్కుల్లో జనం మధ్య నిలబెడతారు, ఆ తర్వాత వేలం వేసి వచ్చిన డబ్బు ఛారిటీకి ఇస్తారు. 1998లో జ్యూరిచ్ వీధుల్లోకి రంగుల ఆవులు వచ్చాయి, మరుసటి ఏడాది చికాగోలో 300కి పైగా ఆవుల్ని నిలబెట్టారు, అక్కడ వేలం డబ్బు ఛారిటీలకి వెళ్లింది. ఏనుగుల సంగతికొస్తే, మోషా అనే పిల్ల ఏనుగు ఏడు నెలల వయసులో మందుపాతర మీద కాలు పెట్టి ఆ కాలు పోగొట్టుకుంది. థాయిలాండ్‌లోని ఏనుగుల ఆసుపత్రిలో దానికి కృత్రిమ కాలు అమర్చారు. దాని కథ నుంచి పుట్టిన ఏనుగు బొమ్మల ప్రదర్శనే 2007లో రోటర్‌డామ్‌లో మొదలైంది. నేను బొమ్మ ముందు కూర్చున్న ప్రతిసారీ మోషా గుర్తొస్తుంది, అందుకే ఈ పనిలో తొందరపడబుద్ధి కాదు.

ముందుగా డిజైన్. సాధారణంగా నిర్వాహకులు బొమ్మ రెండు పక్కలూ గీసిన కాగితం ఇస్తారు, దాని మీద మీ ఆలోచన వేసి పంపాలి, స్పాన్సర్లు చూసి ఎంచుకుంటారు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కాగితం మీద ముచ్చటగా ఉన్న బొమ్మ గుండ్రటి పొట్ట మీదికి వెళ్లేసరికి సాగిపోతుంది, ముఖం వేస్తే ముక్కు ఒకవైపు, చెంప ఇంకోవైపు తిరిగిపోతుంది. అందుకని జంతువు ఒంటినే అడగండి. తొండం పొడవునా ఏం పారితే బాగుంటుంది, నదా, తీగా? చెవి విప్పిన రెక్కలా ఉందా, ఆకులా ఉందా? వీపు కొండలా ఉందా? ఒళ్లు చెప్పిన మాట విని వేసిన డిజైన్ ఏ పక్కనుంచి చూసినా నిలబడుతుంది. పిల్లల కంటి ఎత్తుకి వచ్చేది పొట్ట, కాళ్లు, కాబట్టి చిన్న చిన్న వివరాలు అక్కడ పెట్టండి, దూరం నుంచి కనిపించాల్సిన పెద్ద ఆకారాలు వీపు మీద, తల మీద. సినిమా పాత్రలు, కంపెనీల లోగోలు, ఇంకొకరి బొమ్మలు మాత్రం వద్దు, రేపు వేలంలో హక్కుల గొడవ వస్తే నష్టపోయేది ఛారిటీయే.

ఇక బొమ్మ ఇంటికొచ్చాక వెంటనే రంగు డబ్బా తెరవకండి. అచ్చుకి అంటుకోకుండా పూసిన మైనం లాంటి పదార్థం ఒంటి మీద మిగిలే ఉంటుంది, దాని మీద ఏ రంగూ పట్టదు, కొన్నాళ్లకి పొరలు పొరలుగా లేచొస్తుంది. సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, తర్వాత 320 నంబరు ఎమరీ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్దండి. ఫైబర్ పొడి ఊపిరితిత్తులకీ చర్మానికీ మంచిది కాదు, మాస్కు, చేతులకి గ్లవ్స్ తప్పనిసరి, వీలైతే పేపర్ తడిపి రుద్దండి, పొడి లేవదు. మళ్లీ తుడిచి ప్రైమర్, అంటే రంగు పట్టేందుకు అడుగున వేసే పూత, పల్చగా రెండు కోట్లు వేయండి. నిర్వాహకులు ఇప్పటికే ప్రైమర్ వేసి ఇస్తే మీ పని తగ్గుతుంది, అయినా ఒకసారి అడిగి తెలుసుకోండి.

డిజైన్‌ని ఒంటి మీదికి దించడానికి నేను గళ్లు గీయను, వంపుల మీద గళ్లు పనికిరావు. మాస్కింగ్ టేపు ముక్కలతో ముఖ్యమైన ఆకారాలు అంటించి, ఐదారు అడుగులు వెనక్కి వెళ్లి చుట్టూ తిరిగి చూసి, నచ్చేదాకా జరుపుతాను. ఆ తర్వాతే నీళ్లతో చెరిగిపోయే పెన్సిల్‌తో గీత.

రంగులకి అక్రిలిక్ చాలు, అయితే ఎండకి నిలిచేవే కొనండి. ట్యూబు మీద వెలుగుని తట్టుకునే స్థాయి రాసి ఉంటుంది, ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం 1 లేదా 2 అని ఉంటే నమ్మొచ్చు. ఫ్లోరోసెంట్ రంగులు, కొన్ని గులాబీ రంగులు ఎండలో వారాల్లోనే వెలిసిపోతాయి, ఎంత ముద్దొచ్చినా పక్కన పెట్టండి. పైనుంచి కిందికి వేసుకుంటూ రండి, రంగు కారినా కింద ఇంకా వేయని చోటే పడుతుంది. పొట్ట కింద, తోక కింద, కాళ్ల లోపలివైపు వదిలేయకండి. పిల్లలు వంగి మరీ అక్కడే చూస్తారు! దిమ్మ దగ్గర నేల మీద పడుకుని వేయాల్సొస్తుంది, కింద ఒక దుప్పటి వేసుకుంటే మెడ నొప్పి ఉండదు.

నాకు జరిగింది ఒకటి చెప్తాను. ఓ బొమ్మ మీద సన్నటి గీతలన్నీ మార్కర్‌తో వేశాను, మూడు రాత్రులు పట్టింది. వార్నిష్ కొట్టగానే నల్ల గీతలన్నీ అలుక్కుపోయాయి, వార్నిష్‌లోని ద్రావకం ఆ ఇంకుని కరిగించేసింది. ఆ రోజు పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు. అప్పట్నుంచి ఒక చిన్న ప్లాస్టిక్ పలక మీద ప్రైమర్, రంగు, మార్కర్, వార్నిష్ అన్నీ అదే వరుసలో ముందే వేసి, వారం ఆగి, గోరుతో గీకి చూసి గానీ అసలు బొమ్మ ముట్టుకోను. అద్దాలు, పూసలు, గాజు ముక్కలు అంటించేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి, మామూలు తెల్ల జిగురు వానకి మెత్తబడి ఊడిపోతుంది, ఆరుబయట నిలిచే ఎపాక్సీ జిగురు లాంటిది కావాలి, అంచులు చేతికి కోసుకోకుండా చూడాలి. పసిపిల్లలు చేత్తో తడుముతారు, కొందరు ఎక్కి కూర్చుంటారు కూడా.

ఆఖరు పని వార్నిష్, నిజానికి మీ శ్రమని కాపాడేది ఇదే. రంగు పైకి ఆరినట్టున్నా లోపల తడి ఉంటుంది, కనీసం వారం ఆగండి, వానలు పడే రోజులైతే ఇంకా ఎక్కువ. తొందరపడి వేస్తే లోపలి తడి బయటికి రాలేక తెల్లగా మసకబారుతుంది. ఎండని తట్టుకునే వార్నిష్ పల్చగా మూడు కోట్లు వేస్తే ఒక మందపాటి కోటు కంటే ఎంతో మేలు. బండ్లకి కొట్టే, రెండు ద్రవాలు కలిపి వాడే రంగులేని క్లియర్ కోటు అన్నిటికన్నా గట్టిది, కానీ అందులో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, మామూలు మాస్కు వాటిని ఆపలేదు, ఆస్తమా తెప్పిస్తాయి, అందుకని ఇంట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ కొట్టకండి, స్ప్రే బూత్ ఉన్న పెయింటర్‌కి ఇవ్వండి. చాలా ప్రాజెక్టుల్లో ఈ పని నిర్వాహకులే చేయిస్తారు, మీరు ఏ రంగులు, ఏ మార్కర్లు వాడారో వాళ్లకి రాసివ్వండి.

బొమ్మ పంపేముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. మీరు కలిపిన ప్రతి రంగునీ కాస్త చిన్న సీసాలో పోసి, పేరు రాసి, మూత బిగించి దాచండి. వీధిలో ఉన్నన్నాళ్లూ గీతలు పడతాయి, చెవి అంచు పెచ్చు ఊడుతుంది, ఎవరో ఫోన్ చేసి రమ్మంటారు. ఆ సీసాలు, ఒక సన్న బ్రష్, కాస్త వార్నిష్ సంచిలో సిద్ధంగా ఉంటే అరగంటలో సరిచేసి రావచ్చు.