జన్యువుల లయను పట్టుకోవడం – 4వ పాఠం: అతికించిన రోజు

పోయిన పాఠంలో, ఒక జన్యువు చురుకుదనం రోజులో లయగా పెరిగి తగ్గుతుందో లేదో చూడమని ఒక రోజు డేటా ఇచ్చాను: నాలుగు గంటలకొకటి చొప్పున ఆరు కొలతలు. చాలామంది ఆ ఆరింటినే కింద మళ్లీ అతికించి, రెండు రోజుల డేటాగా లెక్క వేశారు. ఈ పొరపాటు పరిశోధనల్లోనూ కనిపిస్తుంది కాబట్టి, కొలతల మధ్య విరామాలు సమానంగా లేనప్పుడు వాడే లోంబ్–స్కార్గల్ పద్ధతిని వచ్చే పాఠానికి జరుపుతున్నాను.

సగటు తీసేయడం, పీరియడోగ్రామ్ (ఏ ఆవర్తనం దగ్గర ఎంత శక్తి, అంటే అలకు ఎంత బలం ఉందో చూపే లెక్క) వేయడం మీకు వచ్చు. పన్నెండు బిందువులుంటే 48, 24, 16, 12, 9.6 గంటల ఆవర్తనాలు పోటీలో ఉంటాయి. చివరి అంచున ఉండే 8 గంటలను వదిలేస్తాం. గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1929లో ఇచ్చిన జీ అంటే, వీటిలో అతిపెద్ద శక్తికి మొత్తం శక్తిలో ఉన్న వాటా. జీ 0.5 దాటితే పీ-విలువ (లయ లేకపోయినా అంత పెద్ద జీ కేవలం యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యత) 5 × (1 − జీ)⁴ మాత్రమే; 5 అంటే పోటీలో ఉన్న ఆవర్తనాలు, ఘాతం దానికంటే ఒకటి తక్కువ. నేను దీన్ని చేత్తోనే వేస్తాను.

ఇప్పుడు తోచిన ఆరు సంఖ్యలు తీసుకుందాం: 3, 7, 4, 9, 2, 5. సగటు 5. అది తీసేస్తే −2, 2, −1, 4, −3, 0. 24 గంటల దగ్గర శక్తి 21, 12 గంటల దగ్గర 9. జీ = 21/30 = 0.7. ఆరు బిందువులకు పోటీలో ఉన్నవి ఈ రెండే కాబట్టి పీ-విలువ 2 × 0.3 = 0.6. లయ ఉందనడానికి ఆధారమేమీ లేదు.

అవే సంఖ్యలను అతికించండి. 0వ గంటలో 3, 24వ గంటలోనూ 3; 4వ గంటలో 7, 28వ గంటలోనూ 7. ఈ పునరావృతాన్ని మనమే రాసిపెట్టాం. 48, 16, 9.6 గంటల దగ్గర శక్తి కచ్చితంగా సున్నా అవుతుంది, జీ 0.7 దగ్గరే ఉంటుంది. సూత్రం మాత్రం ఐదు ఆవర్తనాలు పోటీ పడ్డాయనే నమ్మి 5 × 0.3⁴ = 0.0405 అంటుంది. కొత్తగా ఒక్క కొలత కూడా తీసుకోకుండానే 0.6 కాస్తా 0.04 అయింది!

పోటీలో ఇద్దరే మిగిలితే గెలిచినవారి వాటా సగానికి తగ్గదు. అందుకే లయ ఏమాత్రం లేని నార్మల్ యాదృచ్ఛిక సంఖ్యలను అతికించినా నూటికి 63 జన్యువులు 0.05 కిందికి వస్తాయి, రావలసినవి 5. ఆ తర్వాత, ఎన్నో జన్యువులను ఒకేసారి పరీక్షించినప్పుడు తప్పుడు ఫలితాలను అదుపు చేసే బెంజమిని–హోచ్‌బర్గ్ సవరణ చేసినా లాభం లేదు, అది పీ-విలువలు సరైనవేనని నమ్మి మొదలవుతుంది.

ఒకే గంటలో నిజంగానే రెండు నమూనాలు తీసి ఉంటే, రెండింటినీ అదే గంట కింద ఉంచి కొసైన్ వక్రాన్ని అమర్చండి. ఒకదాని వెనుక ఒకటి పేర్చకండి.

అభ్యాసం: అతికించిన శ్రేణిలో 16 గంటల శక్తి ఎందుకు సున్నా అవుతుందో కాగితం మీద నిరూపించండి, తొలి సగంలోని ప్రతి పదానికీ రెండో సగంలో జత వెతకండి. తర్వాత 1,000 నకిలీ జన్యువులు తయారుచేసి, అతికించకుండా ఒకసారి, అతికించి ఒకసారి లెక్కించండి. 0.05 కిందికి వచ్చినవి వరుసగా 50, 630 చుట్టూ లేకపోతే మీ మొత్తంలో 8 గంటల శక్తి కలిసిందేమో చూడండి.