కేసు కంప్యూటర్‌కి ఎక్కించేటప్పుడు: ఒక పాత స్టేషన్ రైటర్ మాట

పోలీసు సర్వీసులో సగం కాలం స్టేషన్ రైటర్‌గానే, అంటే స్టేషన్ రికార్డులు రాసే పనిలోనే ఉన్నాను. కోనసీమలో కొన్నేళ్లు, నరసాపురం వైపు కొన్నేళ్లు. ఇప్పుడు రిటైరయ్యాను. కొత్తగా కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లలు ఫోన్ చేసి "బాబాయ్, ఇదెలా ఎక్కించాలి?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

మనం కేసులు ఎక్కించే సీసీటీఎన్‌ఎస్‌ని, అంటే పోలీస్ స్టేషన్లను కలిపే కంప్యూటర్ వ్యవస్థని, 2009లో కేంద్రం ఆమోదించింది. దేశంలోని స్టేషన్లన్నీ ఒకదాని రికార్డు ఒకటి వెతుక్కోగలగాలని దాని ఉద్దేశం. మీరు టైపు చేసింది రేపు ఏ ఒడిశాలోనో ఇంకో కానిస్టేబుల్ వెతుకుతాడు. అతనికి దొరికేలా రాయాలి.

ముందు పేరు. మన ఊళ్లలో ఒకే వీధిలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ముగ్గురుంటారు. తండ్రి పేరు, వయసు, ఊళ్లో పిలిచే పేరు తప్పకుండా రాయండి. పిలిచే పేరుకి వేరే గడి ఉంది, దాన్ని ఖాళీగా వదలొద్దు. లక్ష్మి అనే పేరుని ఇంగ్లిష్‌లో ఒకరు ఎక్స్‌తో రాస్తారు, ఇంకొకరు కె, ఎస్, హెచ్‌లతో రాస్తారు. ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే కొట్టండి. వెతికేటప్పుడు మాత్రం రెండు రకాలుగానూ వెతకండి. ఊరి పేరుతో పాటు మండలం కూడా ఉండాలి. కొత్తపేట అని ఒక్కటే రాస్తే ఏ కొత్తపేట?

తర్వాత పోయిన సొత్తు. నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పేది దీని గురించే. ఒక కొబ్బరి దింపు కార్మికుడి బైకు పోయింది. ఛాసిస్ నంబరులో సున్నా ఉన్నచోట నేను ఇంగ్లిష్ "ఓ" అనే అక్షరం కొట్టాను. బైకు గోదావరి అవతల ఇంకో స్టేషన్‌కి దొరికింది. వాళ్లు వెతికితే మా కేసు రాలేదు. ఆరు నెలలు ఆ బండి వాళ్ల ఆవరణలో వానకి తడిసింది. అన్నాళ్లూ ఆ మనిషి సైకిల్ మీద తోటలకి తిరిగాడు. ఆ ముఖం నాకింకా గుర్తుంది. అందుకే చెబుతున్నాను: ఇప్పటి బండ్ల ఛాసిస్ నంబరులో 17 అక్షరాలుంటాయి, వాటిలో ఐ, ఓ, క్యూ రావు. గుండ్రంగా కనిపిస్తే అది సున్నాయే. ఆర్‌సీ చూసి కొట్టి, ఇంకొకరితో బిగ్గరగా చదివించి సరిచూసుకోండి.

చేపల చెరువు గట్టు మీద మోటారు పోతే రైతు దగ్గర బిల్లు ఉండకపోవచ్చు. వైండింగ్ కట్టిన మెకానిక్‌ని అడగండి. కంపెనీ, హెచ్‌పీ, రంగు, రైతు పెయింట్‌తో వేసుకున్న గుర్తు, అన్నీ ఎక్కించండి. "మోటారు ఒకటి" అని రాస్తే అది ఎప్పటికీ దొరకదు.

కరెంటు పోయినా జీడీ (స్టేషన్‌లో రోజూ జరిగేవి రాసే జనరల్ డైరీ) ఆగకూడదు. కాగితం మీద టైముతో రాసి, కరెంటు వచ్చాక ఎక్కించి, అసలు టైము కూడా వివరంలో చూపించండి. వరదల రోజుల్లో సీడీ (కేసు డైరీ) ఫైళ్లు పై అరల్లో ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకి ఉచితంగా ఇవ్వాలి. 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. లైంగిక నేరాలు, పోక్సో లాంటి కేసులకు ఇది వర్తించదు. వెబ్‌సైట్‌లో పెట్టాలా వద్దా అనే గడి దగ్గర ఒక్క క్షణం ఆగండి. తొందరలో ఒక్క క్లిక్కుతో ఒక ఆడపిల్ల పేరు ఊరంతా తెలిసిపోతుంది.

రిమాండ్ అయిన కేసులో ఛార్జిషీటు వేయడానికి గడువు 60 రోజులా, 90 రోజులా అన్నది సెక్షన్లు చూసి ఆ రోజే తేల్చుకోండి. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా ఆపైన శిక్ష పడే నేరాలకు 90, మిగతావాటికి 60. రిమాండ్ ఇచ్చిన రోజుని కూడా కలిపే లెక్కించాలి. గడువుకి పది రోజుల ముందు ఎస్సైగారికి గుర్తుచేయడం రైటర్ పని. ఛార్జిషీటు ఒక్కరోజు ఆలస్యమైనా ముద్దాయి బెయిల్ హక్కుగా అడుగుతాడు.

సీసీ ఫుటేజీ తీసుకుంటే హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, కంప్యూటర్ తీసిచ్చే గుర్తు) అప్పుడే తీసి, భారతీయ సాక్ష్య అధినియం 63 సెక్షన్ సర్టిఫికెట్‌తో కలిపి ఉంచండి. తర్వాత చూద్దామంటే కుదరదు.

చివరగా ఫోన్ నంబరు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకి తెలియజేయాలని కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఉంది. లంక గ్రామాలవాళ్లు వరదొస్తే ఏటిగట్టు మీదికో, బంధువుల ఇళ్లకో వెళ్తారు, ఫోన్లు తడుస్తాయి. అందుకని వాళ్ల నంబరుతో పాటు దగ్గరి మనిషిది ఇంకొకటి కూడా తీసుకోండి.